ట్యాగును ఊక అనుకుంటున్నారు

పోయిన నెల ఒక ఆదివారం మా మేనల్లుడు భోజనానికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాడికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఇక్కడే వర్తూరులో, మా ఇంటికి రెండు వీధుల అవతల పీజీలో ఉంటాడు. ఎప్పుడొచ్చినా నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసి చూసే పిల్లాడు. ఆ రోజు ముఖం వేలాడేసుకుని, "మామా, నా ప్రోగ్రాం వల్ల నాన్నకు దెబ్బ పడింది" అన్నాడు.

మా బావ మదనపల్లె దగ్గర టమాటా పండిస్తాడు. టమాటా ధర సంగతి మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో దాదాపు రెండు వందలు పలికింది. కోత కూలి కూడా గిట్టక రైతులు కాయను రోడ్డు మీద పారబోసి పోయిన రోజులూ నేను కళ్లారా చూశాను. అందుకని మావాడు తండ్రి కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అది రోజూ సాయంత్రం మార్కెట్ ధరలు పెట్టే ఒక వెబ్‌సైటు తెరుస్తుంది, నాలుగు మార్కెట్లలో హైబ్రిడ్ టమాటా కనిష్ఠ ధర ఎంతో పట్టుకుంటుంది, తండ్రి ఫోనుకు మెసేజి పంపుతుంది. పైథాన్‌లో బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీ పెట్టుకుని రాశాడు. మొత్తం పద్దెనిమిది లైన్లు.

ఇరవై రోజులు చక్కగా నడిచింది. ఇరవై ఒకటో రోజు, కాస్త దూరంగా ఉన్న మార్కెట్‌లో క్వింటాలు కనిష్ఠం 1,600 అని మెసేజి పోయింది. కనిష్ఠమే అంత ఉంటే ఇంకేం కావాలని మా బావ బండి మాట్లాడుకుని సరుకంతా అక్కడికి తోలాడు. అక్కడ ఆయన కాయకు పలికింది 950. బండి బాడుగ, కమీషను పోగా మిగిలింది కోత కూలీల చేతిలో పెట్టి ఇంటికొచ్చాడు.

"ఆ పేజీ సోర్సు చూశావా?" అని అడిగాను.

"సోర్సు ఎందుకు మామా? లైబ్రరీ చూసుకుంటుంది కదా."

నా కోపమంతా ఆ మాట మీదే. పిల్లాడి మీద కాదు. వాడికి అట్లా నేర్పిన ఈ కాలం మీద.

అన్నం తర్వాత ఇద్దరం కూర్చుని ఆ రోజు పేజీ సోర్సు తెరిచాం. పట్టికలో ఐదు గడులు: మార్కెట్ పేరు, రకం, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర). హైబ్రిడ్ ఒక్కటే వచ్చిన రోజు వరుసలో ఐదు గడులూ ఉంటాయి, మూడోది కనిష్ఠ ధర. హైబ్రిడ్ అనే మాట ఉన్న వరుస పట్టుకుని అందులో మూడో గడి తీసుకోమని మావాడు రాశాడు. ఇరవై ఒకటో రోజు ఆ మార్కెట్‌కు నాటు టమాటా కూడా వచ్చింది. నాటు పై వరుసలో, హైబ్రిడ్ కింది వరుసలో పడ్డాయి. మార్కెట్ పేరు రెండుసార్లు రాయడం ఎందుకని పై వరుసలోని పేరు గడికి రోస్పాన్ 2 అని పెట్టారు. అంటే ఆ గడి కింది వరుసలోకి కూడా దిగుతుందని. తెర మీద చూస్తే పట్టిక గీత గీసినట్టు ఉంటుంది. సోర్సులో మాత్రం కింది వరుసకు నాలుగే గడులు. అన్నీ ఒక అడుగు ఎడమకు జరిగాయి. మూడో గడిలో ఇప్పుడున్నది గరిష్ఠ ధర, 1,600. అసలు కనిష్ఠం 900, అది రెండో గడిలో ఉంది.

లైబ్రరీ ఏ తప్పూ చేయలేదు. మూడో గడి అడిగారు, మూడో గడి ఇచ్చింది. గరిష్ఠ ధర కూడా కలిపి పంపి ఉంటే, నాలుగో గడిలోకి జరిగిన మోడల్ ధర 1,200 గరిష్ఠంగా పడి, కనిష్ఠం 1,600, గరిష్ఠం 1,200 అని వచ్చేది, మా బావే నవ్వి అవతల పెట్టేవాడు. ఆయన ఎనిమిదో తరగతి దాకా చదివాడు. కనిష్ఠం గరిష్ఠాన్ని దాటదని ఆయనకు తెలుసు, ప్రోగ్రాంకు తెలియదు.

మా రోజుల్లో ఇది జరిగేది కాదని ఢంకా బజాయించి చెప్తాను. మాకు తెలివి ఎక్కువని కాదు. పేజీని చదవకుండా అందులోంచి ఒక్క ముక్క తీసే దారి మాకు లేదు కాబట్టి.

నేను బెంగళూరు వచ్చింది 1994లో. వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ తెరిచింది 1995 ఆగస్టు 15న. మొదట్లో మాకు దొరికింది షెల్ అకౌంటు. మోడెం గీ మని అరిచి లైను కలిపాక, నల్ల తెర మీద లింక్స్ అనే బ్రౌజరులో పేజీలు ఉత్త అక్షరాలుగా చూసేవాళ్లం. బొమ్మల్లేవు, రంగుల్లేవు. పేజీ అంటే అందులో ఏం రాసి ఉందో అదే. 1998లో పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో ఒక చిన్న కంపెనీలో నాకు వచ్చిన మొదటి పెద్ద పని, అమెరికాలోని ఒక కస్టమరుకు వందల పేజీల్లోంచి ధరలు తీసి పెట్టడం. మా టీం లీడరు నెల్లూరాయన. ఆయన మొదటి రోజు నాకు కంప్యూటర్ ఇవ్వలేదు. ఒక పేజీ సోర్సును డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో కొట్టించి, ఆ పొడవాటి మడతల కాగితం, ఒక ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, "చదివి రా" అన్నాడు. తెరిచిన ప్రతి ట్యాగు పక్కన అంకె వేయాలి, మూసిన చోట అదే అంకె వేయాలి. అంకె మిగిలిపోయిందంటే అక్కడ ఎవరో మూయడం మరిచారు. సాయంత్రానికి నా కాగితంలో పదకొండు అంకెలు మిగిలాయి. "ఇప్పుడు పెర్ల్ ముట్టుకో" అన్నాడు.

పెర్ల్ భాషలో హెచ్‌టీఎంఎల్ పార్సర్ అనే మాడ్యూలు ఉండేది. నార్వేకు చెందిన గిస్లె ఆస్ రాసింది. అది ఇప్పటి లైబ్రరీల మాదిరి, ఏ ట్యాగు దేని లోపల ఉందో చూపే చెట్టు కట్టి చేతికిచ్చేది కాదు. పేజీని పైనుంచి కిందికి చదువుతూ, ఇదిగో పట్టిక తెరిచారు, ఇదిగో వరుస తెరిచారు, ఇదిగో మాట, ఇదిగో గడి మూశారు అని ఒక్కొక్కటీ కేకేసి చెప్పేది. ఎన్నో వరుసలో ఉన్నాం, ఎన్నో గడిలో ఉన్నాం అన్న లెక్క మనది. ఆ లెక్క నిలవాలంటే రోస్పాన్ ఎక్కడెక్కడ ఉందో తెలిసి తీరాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో గీకి బతికినవాళ్లూ మాలో ఉన్నారు. అది మంచి పద్ధతని నేను ఆ రోజూ అనలేదు, ఈ రోజూ అనను. పట్టికలో పట్టిక ఉన్న పేజీని ఆ దారిన పట్టలేం. కానీ అట్లా గీకినవాడు కూడా పేజీని నాలుగైదు సార్లు కళ్లతో చూసిన తర్వాతే గీకేవాడు.

లైబ్రరీలంటే నాకు పగ లేదు. 1990లలో పేజీలు రాసినవాళ్లు ట్యాగులు తెరిచి మూసేవాళ్లు కాదు, ఒకదాని కడుపులో ఒకటి అడ్డదిడ్డంగా దూర్చేవాళ్లు. బ్రౌజర్లు ఎట్లాగో సర్దుకుని చూపించేవి కాబట్టి ఎవరూ దిద్దుకోలేదు. ఆ కలగూరగంపకే ట్యాగు సూప్ అని పేరు పడింది. అమెరికా ప్రోగ్రామరు లియొనార్డ్ రిచర్డ్‌సన్ 2004లో బ్యూటిఫుల్ సూప్ ఇచ్చాడు. ఆ పేరు ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్‌లో ఒక పాట నుంచి వచ్చింది. చెడిపోయిన పేజీ ఇచ్చినా అది ఏదో ఒక చెట్టు కట్టి ఇస్తుంది. అది చాలా గొప్ప పని, నేనూ పదేళ్లు వాడాను. ఆ చెట్టును లైబ్రరీ కట్టిందని, పేజీలో అది లేదని మరిచిపోవడమే నా బాధ.

బ్యూటిఫుల్ సూప్ తనంతట తాను పేజీని చదవదు, కింద ఇంకో పార్సరును, అంటే పేజీని విడదీసి చదివే ప్రోగ్రామును, కూర్చోబెట్టుకుంటుంది. పైథాన్‌తో వచ్చేది ఒకటి, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఒకటి, హెచ్‌టీఎంఎల్5లిబ్ ఒకటి. లింకు కోసం వాడే "ఏ" ట్యాగు తెరిచి, దాన్ని మూయకుండా, ఎప్పుడూ తెరవని పేరా ట్యాగు పీ ని మూసిన ఒక చిన్న ముక్క ఈ మూడింటికీ ఇచ్చి చూడండి. పైథాన్‌ది ఒట్టి లింకు ట్యాగు ఇస్తుంది. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ దాని చుట్టూ హెచ్‌టీఎంఎల్, బాడీ ట్యాగులు కడుతుంది. హెచ్‌టీఎంఎల్5లిబ్ అవీ కట్టి, తలకాయకు హెడ్ ట్యాగు పెట్టి, లోపల ఒక ఖాళీ పేరా కూడా పుట్టిస్తుంది. ఒకే ముక్కకు మూడు చెట్లు. "నువ్వు ఏ పార్సరు పెట్టావు?" అని మావాడిని అడిగితే తెల్లముఖం వేశాడు.

బ్రౌజరు సంగతి వేరే. చెడిపోయిన పేజీని ఎట్లా సర్దాలో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో మెట్టు మెట్టుగా రాసి పెట్టారు. 2014 అక్టోబరు 28న డబ్ల్యూ3సీ దాన్ని ఖాయం చేసింది. అందులో పట్టికల గురించి ఒక నియమం ఉంది. పట్టిక లోపల, ఏ గడిలోనూ లేకుండా ఒక మాట అనాథగా పడి ఉంటే, బ్రౌజరు దాన్ని ఎత్తుకుపోయి పట్టికకు ముందు పెడుతుంది. ప్రమాణంలో ఆ పనికి పెట్టిన పేరు పెంపకం అనే అర్థం వచ్చే మాటే. ఇంకోటి, పట్టికలో మనం టీబాడీ ట్యాగు రాయకపోయినా బ్రౌజరు తనే చేర్చుకుంటుంది. ఇప్పటి పిల్లలు బ్రౌజరులో ఇన్‌స్పెక్ట్ నొక్కి, అది చూపించిన దారిని కాపీ కొట్టి ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌కు ఇస్తారు. ఆ దారిలో టీబాడీ ఉంటుంది, సర్వరు పంపిన పేజీలో ఉండదు. ఏమీ దొరకదు. గంటలు గంటలు తల పట్టుకుంటారు. ఇన్‌స్పెక్ట్‌లో కనిపించేది బ్రౌజరు సర్దిన చెట్టు. వ్యూ సోర్సులో కనిపించేదే సర్వరు పంపిన కాగితం. ఈ రెండూ ఒకటి కావని కాలేజీలో ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పవచ్చు కదా!

ఇప్పుడు సోర్సు తెరిచినా చాలా పేజీల్లో ఏమీ ఉండదు. ఒక ఖాళీ డివ్, కింద మైలు పొడవు జావాస్క్రిప్టు. అసలు సరుకు తర్వాతెప్పుడో వచ్చి చేరుతుంది. దాని కోసం ప్లేరైట్ అనో పప్పెటీర్ అనో ఏకంగా ఒక బ్రౌజరునే నడపాలి. పట్టెడు అంకెల కోసం పేజీ బరువు రెండు మెగాబైట్లు దాటుతోంది. మునుపు గడికి క్లాసు పేరు ప్రైస్ అని ఉండేది. ఇప్పుడు లాటరీ టికెట్ నంబరు లాంటి అక్షరాలు యంత్రమే పుట్టిస్తుంది, వచ్చే వారానికి మారుస్తుంది. మావాడి తరం ఆ పేజీని తీసుకుపోయి ఏఐకి అతికించి, కోడ్ రాసిమ్మంటుంది. అదీ రాసిస్తుంది, ఆ లాటరీ నంబరునే నమ్ముకుని.

మర్యాద కూడా పోయింది. మేము ఒక పేజీ తెచ్చుకున్నాక ఐదు సెకన్లు ఆగి ఇంకోటి అడిగేవాళ్లం. అవతలి సర్వరుకు ఉన్నది సన్నటి లైను, దాని మీద ఇంకా నలుగురు ఉంటారని తెలుసు. ఎవరు ఏ పేజీలు ముట్టుకోకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు పద్ధతిని మార్టిన్ కోస్టర్ 1994లోనే పెట్టాడు. దాన్ని చదవకుండా ప్రోగ్రాం నడిపితే మా నెల్లూరాయన ఊరుకునేవాడు కాదు. 2025 ఏప్రిల్‌లో వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్లు బయటపెట్టిన లెక్క చూడండి. 2024 జనవరి నుంచి తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడు భారం 50 శాతం పెరిగిందట. ఆ పెరుగుదల చదువరుల వల్ల వచ్చింది కాదు, ఎక్కువగా ఏఐ కోసం ఊడ్చుకుపోయే ప్రోగ్రాముల వల్ల. చందాలతో నడిచే చోటును అట్లా దున్నేస్తారా?

మళ్లీ ట్యాగు దగ్గరికి వస్తాను. ఈ తరానికి ట్యాగు అంటే వడ్ల మీది ఊక. గెట్ టెక్స్ట్ అని ఒక్క మాట రాసి చెరిగేస్తారు, కింద పడిందే గింజ అనుకుంటారు. రోస్పాన్ ఊక కాదని మా బావ బండి బాడుగ కట్టి తెలుసుకున్నాడు.

అట్లాంటిదే మా ఊరి చెరువు సంగతి ఒకటి చెప్పాలి. వర్తూరు చెరువు బెంగళూరులో బెళ్ళందూరు తర్వాత అంత పెద్దది. బెళ్ళందూరు చెరువు పొర్లిన నీళ్లన్నీ దీంట్లోకే వస్తాయి. మురుగు, దాంతోపాటు సబ్బు నీళ్లు కలిసి 2015 నుంచి కొన్నేళ్లు వర్తూరు కోడి (చెరువు నీళ్లు పొర్లే చోటు) దగ్గర నురగ మనిషెత్తున లేచేది. గాలి వీస్తే రోడ్డు మీదికి కొట్టుకొచ్చి బైకుల వాళ్ల మీద పడేది. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే పాత కాపురాలు చాలా ఉన్నాయి. మాకు కూరగాయలు ఇచ్చే పెద్దావిడ వాళ్లలో ఒకరు. "ఈ నీళ్లతో మడి తడిపినోళ్లం సామీ మేము" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆ రోజుల్లో మా అపార్టుమెంటు కుర్రాళ్లు నలుగురు కలిసి, నగరంలోని చెరువుల నీటి నాణ్యత ఒక కార్యాలయం పెట్టిన పట్టికలోంచి తీసి మ్యాపు చేశారు. మంచి పనే. మ్యాపు తెరిస్తే వర్తూరు చెరువు మీద "సమాచారం లేదు" అని ఉంది! నేను సోర్సు తెరిచాను. ఆ పట్టికలో నాణ్యత గడిలో అక్షరం లేదు, రంగు మాత్రమే ఉంది. బీజీకలర్ అని ట్యాగులో ఎర్ర రంగు రాసి ఉంది. నీళ్లు పూర్తిగా చెడిపోయాయని దాని అర్థం. కుర్రాళ్ల ప్రోగ్రాం టెక్స్టు తీసింది, టెక్స్టు లేదు కాబట్టి సమాచారం లేదంది. కిటికీ తెరిస్తే ముక్కు మూసుకోవలసిన చెరువుకు ఆ ముక్క రాశారు. చెప్పగానే దిద్దారు, మంచి పిల్లలు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది, జరుగుతోంది. అది మన తెలుగుకు.

యూనికోడ్‌లో తెలుగుకు మొదటి నుంచీ, అంటే 1991 నుంచీ చోటు ఉంది. 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు మనవి. కానీ విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చేదాకా మామూలు కంప్యూటర్లకు ఆ అక్షరాలు చూపించే శక్తి లేదు. వచ్చాక కూడా చాలా ఏళ్లు తెలుగు పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఇంగ్లీషు, యూరప్ అక్షరాలు ఉండే స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన ఫాంట్లు అవి. పేజీ తెరవగానే ఫాంటు దానంతట అదే దిగేది, ఎక్స్‌ప్లోరరుకు ఒక రకం, నెట్‌స్కేప్‌కు ఇంకో రకం. డైనమిక్ ఫాంట్లు అనేవాళ్లం. తెర మీద కమ్మటి తెలుగు. కాపీ చేసి ఇంకోచోట పెడితే నెత్తిన చుక్కలు, గీతలు ఉన్న యూరప్ అక్షరాల గందరగోళం.

మా అమ్మ అప్పుడు మాతోనే ఉండేది. కళ్లకు ఆపరేషన్ అయ్యాక ఊరి వార్తలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసిస్తే చదివేది. ఆమె కోసం 2002లో ఒక పత్రిక ఫాంటును యూనికోడులోకి మార్చే పట్టిక కట్టడం మొదలుపెట్టాను. రెండు వందల చిల్లర ముక్కలు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తులు వేరే. "క్ర" అని రావాలంటే ఆ ఫాంటులో ర వత్తు ముందు వచ్చేది, క తర్వాత వచ్చేది. దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పి పెట్టాలి. రోజూ రాత్రి రెండు గంటల చొప్పున మూడు నెలలు పట్టింది. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నది ఒకటే. తాళంచెవి ట్యాగులో ఉంది. ఒకే పేజీలో శీర్షికకు ఒక ఫాంటు, లోపలి వార్తకు ఇంకో ఫాంటు. మధ్యలో ఒక ఇంగ్లీషు పేరు వస్తే ఫాంటు ట్యాగు మూసి, ఆ పేరు రాసి, మళ్లీ తెరిచేవాళ్లు. 225వ స్థానంలోని గుర్తు ఈ ఫాంటులో ఒక అక్షరమైతే ఆ ఫాంటులో ఇంకో అక్షరం. ఏది ఎవరిదో చెప్పేది ఫాంట్ ఫేస్ అని రాసిన ఆ ట్యాగు ఒక్కటే. ఒక రాత్రి విసుగు పుట్టి ట్యాగులన్నీ ముందే చెరిగేసి అక్షరాలు మార్చి చూశాను. ఫోను నంబర్లు ఒత్తులయ్యాయి, కంపెనీ పేర్లు తెలుగు ముక్కలయ్యాయి. వార్తలో ఎక్కడ తెలుగు ఉంది, ఎక్కడ ఇంగ్లీషు ఉందన్నదే తెలియకుండా పోయింది.

తర్వాత వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింపు తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టింది కూడా ఆయనే. పద్మ బ్రౌజరు లోపల కూర్చుని ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక పెట్టుకుని, పేజీని యూనికోడు తెలుగులోకి మార్చి చూపించేది. నాకు ఒక్క ఫాంటుకు మూడు నెలలు పడితే ఆయన అన్నన్ని ఫాంట్లకు చేశారు. అది చూసిన రోజు నా పట్టిక పక్కన పెట్టేశాను, సంతోషంగా. పేజీని చదవడమంటే అదీ. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత రకం పొడిగింపులన్నింటికీ తలుపు మూసింది. నా కంప్యూటరులో పద్మ ఆ రోజుతో ఆగింది.

పత్రికలన్నీ యూనికోడుకు మారాయి, పాత బాధ తీరిందని మీరు అనవచ్చు. తీరలేదు. ఆ పాత పేజీలు ఎక్కడికీ పోలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఉన్నాయి, కామన్ క్రాల్ 2008 నుంచి పోగేసిన వెబ్ గుట్టలో ఉన్నాయి. ఎన్నికలు, కరువులు, పుస్తక సమీక్షలు, కథలు, ఊరి వార్తలు, సంతాపాలు, అన్నీ తెలుగులోనే. ఇప్పుడు ఏఐకి తెలుగు నేర్పడానికి పాఠం చాలడం లేదని అందరూ అంటున్నారు. కామన్ క్రాల్ తన గుట్టను పలు రకాలుగా ఇస్తుంది. వార్క్ ఫైళ్లలో పేజీ ట్యాగులతో సహా ఉంటుంది. వెట్ ఫైళ్లలో ట్యాగులు చెరిగేసిన ఉత్త టెక్స్టు ఉంటుంది. తేలిక కాబట్టి చాలామంది వెట్ తీసుకుంటారు. అందులో ఫాంటు పేరు లేదు. మిగిలిన యూరప్ అక్షరాల గందరగోళాన్ని భాష గుర్తుపట్టే ప్రోగ్రాంకు ఇస్తారు. అది తెలుగు కాదంటుంది. చెత్తబుట్టలో పడుతుంది. ఒక దశాబ్దం తెలుగు రాత, తెలుగు కాదని తోసేసిన లెక్కలోకి పోతోంది. మావాడు చేసింది క్వింటాలు తప్పు, ఇది తరం తప్పు.

యూనికోడులో ఉన్న పేజీలకైనా పూర్తి భద్రత ఉందా అంటే అదీ లేదు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఆ సంగతి చెప్పే మెటా ట్యాగు పేజీ తలకాయలో ఉంటుంది. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ, సర్వరు తన హెడరులో అక్షరాల పద్ధతి చెప్పకపోతే, దాన్ని పాత పడమటి యూరప్ పద్ధతి అనుకుని టెక్స్టు ఇస్తుంది. మెటా ట్యాగు వంక చూడదు. మన "క" మూడు ముక్కలవుతుంది. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత కంటికి కనిపించని ఇంకొకటి. పేజీ పొడుగునా డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు పడి ఉంటే అది తెలుగే. టెక్స్టు అడక్కుండా అసలు బైట్లు తీసుకుని బ్యూటిఫుల్ సూప్‌కు ఇస్తే, అది మెటా ట్యాగు చదివి సరిగ్గా విప్పుతుంది. ఒక్క మాట తేడా. ఈ ఒక్క మాట తెలియక తెలుగు పేజీలు పాడైపోయాయని నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఈ రెండేళ్లలో ముగ్గురు.

మా మేనల్లుడు ఆ ఆదివారం సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాడు. పేజీని ప్రింటు తీసి, ఎర్ర పెన్సిలు చేతికిచ్చాను. ఇప్పుడు వాడి ప్రోగ్రాం మూడో గడి అడగదు. పట్టిక తలవరుసలో కనిష్ఠం అనే మాట ఎక్కడుందో చూసుకుని, రోస్పాన్ ఎంతో లెక్కేసుకుని, కనిష్ఠం గరిష్ఠం కన్నా ఎక్కువైతే మెసేజి పంపకుండా ఆగిపోతుంది. పద్దెనిమిది లైన్లు నలభై ఆరయ్యాయి. మా బావ మళ్లీ దాన్ని చూసుకునే బండి మాట్లాడుకుంటున్నాడు.

ఇది చదివే పిల్లలను, పెద్దలను ఒకటే అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో 2000 నుంచి 2010 మధ్య సేవ్ చేసుకున్న తెలుగు వెబ్ పేజీలు ఉంటే పారేయకండి. టెక్స్టు తీసి దాచకండి. హెచ్‌టీఎంఎల్ ఫైలును ట్యాగులతో సహా అట్లాగే ఉంచండి, దానితో దిగిన ఫాంటు ఫైలు దొరికితే అదే ఫోల్డరులో పెట్టండి. మీలో తెలుగు పాఠం పోగుచేసే పనిలో ఉన్నవాళ్లు వెట్ ఫైళ్లు పక్కన పెట్టి వార్క్ ఫైళ్లు తెరవండి. చెత్త అని తోసేసే ముందు ఫాంట్ ఫేస్ అని ఒక్కసారి వెతకండి.